పదిహేనేళ్లు మూలన పడిన స్టిల్ 070 మళ్లీ మోగింది: సిరొంచ నుంచి ఒక పాత చైన్ రంపం రివ్యూ

ముందు ఈ శబ్దం వినండి. మాటలు తరవాత.

విన్నారు కదా, ఎంత బరువైన గొంతో. ఇది స్టిల్ అనే జర్మన్ కంపెనీ చేసిన 070. మూతపడిన ఒక సామిల్లులో, పొట్టు బస్తాల కింద పదిహేనేళ్లకు పైగా పడి ఉన్న చైన్ రంపం. ఇప్పటి రంపాలు నిమిషానికి పదమూడు వేల చుట్లు దాటి తిరుగుతూ కీచుమంటాయి. ఇది అంత వేగం అందుకోదు, దానికి ఆ అవసరమూ లేదు. దీని ఇంజను 106 సీసీ. ఒకప్పుడు కుర్రాళ్లందరూ మోజుపడిన ఆర్‌ఎక్స్ 100 బైకు ఇంజను 98 సీసీ. అంతకంటే పెద్ద ఇంజనును రెండు చేతులతో ఎత్తి పట్టుకుని చెట్టు ముందు నిలబడటం ఎలా ఉంటుందో ఊహించుకోండి. బారు (చైను చుట్టూ తిరిగే పొడవాటి ఇనుప పట్టీ), చైను బిగించక ముందే దీని బరువు పది కిలోల పైమాటే.

నమస్కారం. నేను ఉండేది సిరొంచలో. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లాకు ఈ చివర ఊరు మాది, ప్రాణహిత దాటితే కాళేశ్వరం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో గోండీ. ఇక కలప సంగతి చెప్పాలంటే, మా వైపు పిల్లలు కూడా చెక్క వాసన చూసి టేకో కాదో చెబుతారు. ఆలపల్లి అడవుల టేకు బల్లార్షా డిపోకు చేరి అక్కడి నుంచి ఎక్కడెక్కడికో పోతుంది. 2023లో అయోధ్య రామమందిరానికి టేకు వెళ్లింది కూడా మా వైపు నుంచే. కమలాపూర్‌లో ఏనుగుల శిబిరం ఉంది. చాలామంది వాటిని చూడటానికి వస్తారు గానీ, ఒకప్పుడు ఆ ఏనుగుల పని అడవిలో దుంగలు లాగడమని కొందరికే తెలుసు. ఏనుగు లాగిన దుంగను కోయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు దుంగ మీద, ఒకరు గుంటలో నిలబడి పొద్దంతా పెద్ద రంపం లాగేవారు. కింద ఉన్నవాడి కళ్ల నిండా పొట్టే. మా పెద్దనాన్న పదిహేడో ఏట ఆ గుంటలోనే పని మొదలుపెట్టారు. కొన్నేళ్ల తరవాత ఆయన చేతికి వచ్చింది ఇలాంటి రంపమే.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చెప్పనివ్వండి, ఎక్కువ సాగదీయను. జర్మనీలో ఆంద్రేయాస్ స్టిల్ 1926లో చేసిన మొదటి రంపం కరెంటుతో నడిచేది, బరువు 64 కిలోలు. మరుసటి ఏడాదే ఎమిల్ లెర్ప్ అనే మరో జర్మన్ తన పెట్రోలు రంపాన్ని డోల్మార్ కొండ మీద నడిపించి చూశాడు. అదీ 58 కిలోలు, ఇద్దరు పట్టవలసిందే. ఒక్క మనిషి పట్టగలిగే పెట్రోలు రంపాన్ని స్టిల్ కంపెనీ 1950లో తెచ్చింది. 1959లో అదే కంపెనీ నుంచి వచ్చిన కాంట్రా అనే రంపం మాత్రం కథ మార్చేసింది. పన్నెండు కిలోల బరువు, ఆరు గుర్రాల శక్తి, మధ్యలో గేర్లు లేవు, ఇంజను తిరిగితే నేరుగా చైనే తిరుగుతుంది. నా ముందున్న 070 ఆ కాంట్రా వంశంలోదే. దీనికి ఇంకా పెద్దన్న ఉంది, 090, ఏకంగా 137 సీసీ. అలాంటిదాన్ని ఒక్కసారైనా విప్పి చూడాలని నాకు చాలా కోరిక.

ఇప్పుడు చైను చూడండి. కెమెరా దగ్గరగా పెడుతున్నాను. ఈ పన్ను కొన వంగి, కొక్కెంలా ఉంది కదా. మొదట్లో చైన్ల పళ్లు చేతిరంపం పళ్లలాగే నిటారుగా ఉండేవి. అవి చెక్కను గీరేవి తప్ప చెక్కేవి కావు, ఊరికే మొద్దుబారేవి. 1946లో అమెరికాలోని ఆరెగాన్ అడవుల్లో జోసెఫ్ కాక్స్ అనే కలప కార్మికుడు ఒక మొద్దును తొలుస్తున్న పురుగును గమనించాడు. అది తన దవడలను కుడికీ ఎడమకీ ఆడిస్తూ, చెక్క పోగు ఎటున్నా లెక్కచేయకుండా తినేస్తోంది. ఆయన ఆ దవడలనే ఇనుముతో చేశాడు, ఒక పన్ను కుడికి, ఒక పన్ను ఎడమకి. ఈ రోజుకీ ప్రపంచంలో చైన్లు ఆ పద్ధతిలోనే కోస్తున్నాయి. టేకును తొలిచే పురుగును మేం చిన్నప్పటి నుంచి తిట్టుకుంటూనే ఉన్నాం. ఆయన మాత్రం కూర్చుని దాని నోరు చూశాడు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

సరే, బాగుచేసిన తీరు చెబుతాను. రంపం ఇంటికి తెచ్చాక నేను మొదట స్టార్టు చేసే తాడు లాగలేదు. ఇది గుర్తుపెట్టుకోండి. పాత రంపం దొరికితే ముందు సైలెన్సర్ విప్పి, పొగ పోయే రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ చూడండి. పిస్టన్ నున్నగా మెరిస్తే అదృష్టం. నాది అలా లేదు, నిలువునా చారలు పడి ఉంది. ఇంజను ఎప్పుడో పట్టేసింది. పిస్టన్ అల్యూమినియం కరిగి సిలిండర్ గోడకు అంటుకుపోయింది.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఆ మరకలు పోవడానికి బాత్‌రూములు కడిగే యాసిడ్ పోస్తారు. ఈ సిలిండర్ లోపల ఉన్నది క్రోమియం పూత. యాసిడ్ అల్యూమినియంతో పాటు ఆ పూతనూ తినేస్తుంది. ఇక ఆ సిలిండర్ పనికిరాదు. నేను వాడింది కాస్టిక్ సోడా నీళ్లు. అది అల్యూమినియాన్ని కరిగిస్తుంది, క్రోమియాన్ని ముట్టదు. పుల్లకు దూది చుట్టి, మరక ఉన్నచోట మాత్రమే అద్దాలి. సిలిండర్ పోత కూడా అల్యూమినియమే, కాబట్టి పూత లేని అంచులకు తగలనివ్వకూడదు. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి, ఆరుబయట చేయాలి. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, దగ్గర్లో బీడీ కూడా వెలగకూడదు. మూడు సాయంత్రాలు పట్టింది. మరకలు పోయాక లోపలి గోడ అద్దంలా బయటపడింది.

కొత్త పిస్టన్, రింగులు వేయడంతో పని అయిపోదు. ఇంజను ఎందుకు పట్టేసిందో తెలుసుకోకపోతే కొత్త పిస్టనూ నెల తిరక్కుండా అదే దారి పడుతుంది. ఆలపల్లిలో ఒక పాత స్కూటర్ మెకానిక్ ఉన్నారు, నేను అన్నా అని పిలుస్తాను. టూస్ట్రోక్ ఇంజను నాడి తెలిసినవాళ్లు మా చుట్టుపక్కల ఇక ఆయన ఒక్కరే. ఆయన రంధ్రాలన్నీ మూసి, పిస్టన్ కింద ఉండే క్రాంక్ పెట్టెలోకి చిన్న పంపుతో గాలి కొట్టి, సబ్బు నురగ పూయించారు. మాగ్నెట్ వైపు సీలు దగ్గర బుడగలు వచ్చాయి. రబ్బరు ఎండి గట్టిపడింది. అక్కడి నుంచి గాలి దూరడంతో పెట్రోలు పాలు తగ్గి, దానిలో కలిసి వచ్చే ఆయిలూ తగ్గి, ఇంజను ఎండిపోయి పట్టేసింది. మొత్తం జబ్బు ఆ చిన్న రబ్బరు చుట్టులో ఉంది. ఆయన నన్ను చూసి, "తమ్ముడూ, నువ్వు పిస్టన్ కొన్నావు గానీ రోగం కొనుక్కోలేదు, మంచిది" అన్నారు.

ప్లగ్గులో మంట రావడానికి పెద్దగా కష్టపడలేదు. ఆ మంట కోసం కరెంటును కలిపి తెంచే పాయింట్ల మీద పేరుకున్న చిలుమును సన్నటి ఎమరీతో గీకి, కండెన్సర్ మార్చి, పాయింట్ల సందును 0.4 మిల్లీమీటరుకు పెట్టగానే ప్లగ్గు నీలిమంట వేసింది.

కార్బొరేటర్ దగ్గర మాత్రం ఆగాలి, ఎందుకంటే ఇది మీ అందరికీ వచ్చే సమస్య. దీనిలో తేలే బుడ్డి ఉండదు, పలుచటి రబ్బరు పొర ఉంటుంది. అందుకే రంపాన్ని ఎటు వంచినా పెట్రోలు అందుతుంది. ఇప్పుడు మనకు బంకులో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఆ కాలపు రబ్బరు దానికోసం చేసింది కాదు, ఉబ్బి గట్టిపడిపోతుంది. పైగా ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. మా ప్రాణహిత ఒడ్డున వానాకాలంలో ట్యాంకు నిండుగా వదిలేస్తే అడుగున నీళ్లు చేరతాయి. పొరలు, పైపులు ఇథనాల్‌ను తట్టుకునేవి వేయండి. పని అయిన ప్రతిసారీ ట్యాంకు ఒంపేసి, మిగిలిన చుక్క అయిపోయేవరకు ఇంజను నడిపి ఆపండి. నేను ఇరవై అయిదు పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్ కలుపుతాను. పొగ వస్తే రానివ్వండి, పిస్టన్ బతుకుతుంది.

చాలామంది అడుగుతున్నారు, రంగు ఎందుకు వేయలేదని. దగ్గరికి రండి. ముందు పిడి మీద ఈ చోట రంగు పూర్తిగా పోయి లోహం తేలింది. ఎడమచెయ్యి బొటనవేలు ఆనే చోటు అది. ఎవరో ఒక మనిషి ఏళ్ల తరబడి పట్టుకుంటే పడిన అరుగుదల. రంగు వేస్తే రంపం కొత్తగా కనిపిస్తుంది, ఆ మనిషి మాయమైపోతాడు. లోపల ప్రతి భాగమూ కొత్తదానిలా పనిచేయాలి, పైన ఒక్క గీతా చెరగకూడదు. నేను పట్టుకున్న నియమం ఇదే. అద్దాల బీరువాలో పెట్టడానికి మెరుగుపెట్టేవాళ్లను నేను తప్పుపట్టను గానీ, నా చేతులు ఆ పనికి రావు.

అదే పిడి గురించి చేదు నిజం కూడా చెప్పాలి. ఇంజను అదురు చేతికి తగలకుండా మధ్యలో రబ్బరో స్ప్రింగో దీనికి లేదు. చైన్ బ్రేకు కూడా లేదు. బారు కొన దేనికైనా తగిలి రంపం ముఖం మీదికి ఎగిరితే ఆపేది ఏదీ లేదు. మా పెద్దనాన్నకు చలికాలం ఉదయాల్లో వేళ్లు సున్నం పూసినట్టు తెల్లబడిపోతాయి, స్పర్శ ఉండదు. లోటా జారిపోతుంది. ఏళ్ల తరబడి అదురు తగిలితే వేళ్లలో రక్తనాళాలు దెబ్బతిని వచ్చే జబ్బు అది. అందుకని ఈ రంపాన్ని రోజువారీ పనికి కొంటానంటే నేను ఒప్పుకోను. అదురు తగ్గించే పిడి, బ్రేకు ఉన్న కొత్త రంపం కొనుక్కోండి. దీన్ని నేను ఒకసారికి పది నిమిషాలకు మించి పట్టను. చెవులకు మూతలు లేకుండా అసలే ముట్టను.

ఇక కోత. గాలివానకు మా పెరట్లో పడిపోయిన చింతచెట్టు దుంగ ఇది, రెండడుగుల మందం, లోపల చేవ నల్లగా, రాయిలా ఉంది. చైను పిచ్, అంటే లింకుల ఎడం కొలత, .404 అంగుళాలు. 5.5 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయితో పళ్లు పదును పెట్టాను. పన్ను ముందుండి కోత లోతును అదుపుచేసే మిట్ట, ఆ పన్ను కంటే 0.8 మిల్లీమీటరు కిందికి ఉండాలి. అంతకంటే ఎక్కువ అరగదీస్తే రంపం గుంజుతుంది. టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది కాబట్టి టేకు కోసేవాళ్లు ఆకురాయిని మరింత తరచుగా తీయాలి.

చూడండి, నేను నొక్కడం లేదు. దాని బరువుకే అది దిగుతోంది. దుంగలో సగానికి వచ్చినా గొంతు మారలేదు. కింద రాలుతున్నది చూడండి, పిండి కాదు, గోరంత గోరంత చెక్కపేళ్లు. పన్ను పదునుగా ఉందనడానికి అదే సాక్ష్యం.

కొనాలనుకునేవాళ్లకు రెండు మాటలు. తాడు పిడి పట్టుకుని రంపాన్ని గాలిలోకి ఎత్తండి. అది ఆగి ఆగి, మెల్లగా కిందికి దిగాలి. జర్రున దిగిపోతే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి బిగువు, లేనట్టే. ఇదే ఆకారంలో కొత్త నకళ్లు కూడా తిరుగుతున్నాయి, పాతదని చెప్పి అమ్మితే పేరు చూసి మోసపోకండి, విప్పి చూసి కొనండి. ఇంకో సంగతి, రంపం ఉంది కదా అని అడవి వైపు అడుగు వేయకండి. పట్టా భూమిలో టేకు కొట్టాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి.

నిన్న సాయంత్రం పెద్దనాన్న వచ్చారు. నేను తాడు లాగాను, మూడో లాగుకు అందుకుంది. ఆయన దగ్గరికి రాలేదు, అరుగు మీదే కూర్చుని కళ్లు మూసుకుని విన్నారు. కాసేపటికి చెయ్యెత్తి, "కొంచెం పెట్రోలు ఎక్కువ తాగుతోంది, స్క్రూ పావు చుట్టు బిగించు" అన్నారు. బిగించాను. మీరు మొదట్లో విన్నది ఆ తరవాతి శబ్దం.

ట్యాంకులో ఇంకా పెట్రోలు ఉంది, మబ్బు పడుతోంది. ఒంపేసి లోపల పెట్టాలి. ఉంటాను.