అమ్మిన బొమ్మలు, కొనలేని నేల

అందరికీ నమస్కారం. నీటిరంగుల మీద మాట్లాడమని పిలిచారు. బ్రష్షు పట్టే పద్ధతి చెబుతానని వచ్చినవాళ్లు నన్ను మన్నించాలి. ఈ సాయంత్రమంతా ఒక్క మనిషి గురించే చెబుతాను. పేరు ఆల్బర్ట్ నమత్జిరా, ఆస్ట్రేలియా ఆదివాసీ చిత్రకారుడు.

తెర మీద ఆయన గీసిన బొమ్మ చూడండి. ముందు తెల్లటి చెట్టు, వెనక ఊదారంగు కొండ. ఆ చెట్టుని ఘోస్ట్ గమ్ అంటారు. మన జామాయిల్ చెట్టుకి దగ్గరి చుట్టం. మానుని చేత్తో రాస్తే సున్నం లాంటి తెల్లపొడి అరచేతికి అంటుకుంటుంది. మధ్య ఆస్ట్రేలియా ఎర్రమట్టిలో, ఆ ఎండలో, అంత తెల్లగా నిలబడి ఉంటుంది. నీటిరంగులు వేసేవాళ్లకి తెలుసు కదా, తెలుపు వేయం, కాగితాన్ని వదిలేస్తాం. ఆ వదలడంలోనే పనితనమంతా ఉంది.

చాలాకాలం విమర్శకులు ఈ బొమ్మల్ని తీసిపారేశారు. తెల్లవాళ్ల ప్రకృతి చిత్రాలకి నకలు, ఇందులో ఆదివాసీదనం ఎక్కడుందన్నారు. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. మౌంట్ సోండర్ కొండ ఆయన తండ్రి వైపు సీమ. పామ్ వ్యాలీ తల్లి వైపు సీమ. ఆయన పదేపదే గీసింది ఆ కొండల్నే, ఆ లోయల్నే. చూసేవాళ్లకి అది అందమైన దృశ్యం, ఆయనకి పుట్టిల్లు.

1902లో హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్‌లో పుట్టాడు. ఆయన పుట్టిన ఆదివాసీ తెగ, పశ్చిమ అరెర్న్‌టె జనం, ఆ చోటుని న్టారియా అంటారు. జర్మనీలో హెర్మన్స్‌బర్గ్ అనే ఊరుంది, ఆ పేరే దీనికీ పెట్టారు. ఆ ఊరి మిషనరీలే మన నాయుడుపేట, గూడూరు వైపు కూడా వచ్చారు. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఎలియా, బాప్తిస్మంతో ఆల్బర్ట్ అయ్యాడు.

అరెర్న్‌టె వాళ్లలో ఎవరికి ఎవరు వరస అవుతారో పుట్టుకతోనే తేలిపోతుంది. ఈయన పద్దెనిమిదేళ్లకి వరస కాని పిల్లతో లేచిపోయాడు. వరస తప్పితే పెద్దవాళ్లు ఏమంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. కొన్నేళ్లు బయటే ఉండిపోయి, ఒంటెలు తోలుకుంటూ ఆ నేలంతా తిరిగాడు. 1936లో రెక్స్ బాటర్‌బీ అనే చిత్రకారుడు బొమ్మలు గీసుకోడానికి వస్తే, దారి చూపిస్తాను, రంగులు నేర్పమన్నాడు. ఆ నేర్చుకోవడం కొన్ని వారాలే. 1938లో మెల్‌బోర్న్‌లో పెట్టిన మొదటి సొంత ప్రదర్శనలో బొమ్మలన్నీ అమ్ముడుపోయాయి.

పేరొచ్చింది, డబ్బొచ్చింది. పశువులు మేపుకోడానికి భూమి కౌలుకి అడిగితే కాదన్నారు. ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణంలో ఇల్లు కట్టుకుంటానంటే, ఆదివాసీలు అక్కడ ఉండకూడదన్నారు. ఆ సీమ బొమ్మ దేశంలో ఎవరి గోడ మీదైనా వేలాడొచ్చు. గీసినవాడు మాత్రం ఊరి అంచున గుడారం వేసుకుని బతకాలి!

1957లో ఆయనకీ, భార్య రుబీనాకీ పౌరహక్కులిచ్చారు. పిల్లలకి ఇవ్వలేదు. ఇక్కడ కొంచెం ఆగాలి. ఆ హక్కుల్లో మద్యం కొనుక్కునే హక్కు ఒకటి, మిగతా ఆదివాసీలకి అది లేదు. కానీ చేతిలో ఉన్నది చుట్టానికి పెట్టకపోవడం అరెర్న్‌టె వాళ్లలో తప్పు. పెట్టడం ప్రభుత్వం దృష్టిలో నేరం. ఎటు తిరిగినా ఇరుక్కోవాల్సిందే. 1958లో తన బంధువు, తోటి చిత్రకారుడు అయిన మనిషికి మద్యం అందేలా చేశాడని ఆరు నెలల శిక్ష వేశారు. అప్పీళ్ల తర్వాత మూడుకి తగ్గించారు. పపున్యా అనే ఆదివాసీల స్థావరంలో రెండు నెలలు గడిపి బయటికొచ్చాడు. ఆ తర్వాత పెద్దగా గీయలేదు. 1959 ఆగస్టులో పోయాడు.

పోయాక కథ ఇంకా ఉంది. బొమ్మల కాపీరైట్ చూసుకోవాల్సిన ప్రభుత్వ ట్రస్టీ 1983లో దాన్ని ఒక ప్రచురణ సంస్థకి 8,500 డాలర్లకి అమ్మేశాడు. అప్పటినుంచి ముత్తాత బొమ్మ ఎక్కడ అచ్చయినా ఇంట్లోవాళ్లకి పైసా రాలేదు. పోరాడి పోరాడి 2017లో వెనక్కి తెచ్చుకున్నారు. ఆ బదిలీకి ఖరీదు ఒక్క డాలరు.

మునిమనవడు విన్సెంట్ నమత్జిరా ఉన్నాడు. చిన్నప్పుడే తల్లి పోతే, ఎక్కడో పెర్త్‌లో పెంపుడు కుటుంబాల దగ్గర పెరిగాడు. పద్దెనిమిదేళ్లకి న్టారియా వెతుక్కుంటూ వచ్చి తనవాళ్లని కలుసుకున్నాడు. 2020లో, ఆస్ట్రేలియాలో మనుషుల ముఖచిత్రాలకిచ్చే ఆర్చిబాల్డ్ బహుమతి గెలిచిన మొదటి ఆదివాసీ చిత్రకారుడు అతనే. మనుషుల ముఖాలు గీస్తాడు, కాస్త వెటకారంగా, రాణులనీ ప్రధానమంత్రులనీ కూడా వదలడు.

ఆల్బర్ట్ బొమ్మల్లోవని జనం చూడ్డానికి వెళ్లే జంట ఘోస్ట్ గమ్ చెట్లు ఆలిస్ స్ప్రింగ్స్‌కి పడమర ఉండేవి. వారసత్వ జాబితాలో చేర్చే పని నడుస్తుండగా 2013 జనవరిలో ఎవరో తగలబెట్టారు. ఆయన మనవలు, మునిమనవలు ఇప్పటికీ రంగులు, నీళ్ల డబ్బాలు బండిలో వేసుకుని ఆ కొండల దగ్గరికి వెళ్లి, నేల మీద కూర్చుని గీస్తున్నారు. చెట్టు దగ్గరికి వచ్చేసరికి కాగితం వదిలేస్తారు.