కంటి తూకం

శ్రోతలందరికీ నమస్కారం.

మనిషి ఎదురుపడగానే "లావయ్యారే" అనో, "బాగా చిక్కిపోయారే" అనో అనేస్తాం. చాలా నమ్మకంగా అంటాం. ఆ నమ్మకానికి అసలైన పరీక్ష ఎక్కడుందంటే, ఆసుపత్రిలో ఎమర్జెన్సీ వార్డులో ఉంది. ఈరోజు ఎక్కువసేపు అక్కడే ఉందాం.

పక్షవాతం వచ్చిన మనిషిని స్ట్రెచర్ మీద తీసుకొచ్చారు అనుకోండి. మూతి ఒక పక్కకు వంకరపోయింది, మాట ముద్దగా వస్తోంది, కుడిచెయ్యి లేవడం లేదు. స్కాన్ తీశారు. మెదడులో రక్తస్రావం లేదు, రక్తనాళానికి గడ్డ అడ్డుపడిందని తేలింది. ఆ గడ్డను కరిగించే మందు ఉంది, పేరు ఆల్టెప్లేజ్. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇస్తారు, ఎంత ముందు ఇస్తే అంత మేలు. మరి ఎంత ఇవ్వాలి? కిలో బరువుకు 0.9 మిల్లీగ్రాములు. మొత్తం 90 మిల్లీగ్రాములు దాటకూడదు. అందులో పదో వంతు ఒక్క నిమిషంలో ఇచ్చి, మిగిలింది గంటసేపు ఎక్కిస్తారు.

అంటే ముందు బరువు తెలియాలి. ఆ మనిషి లేచి నిలబడలేడు. మంచం మీదే బరువు చూసే ఏర్పాటు అన్నిచోట్లా ఉండదు. గడియారం చూస్తే పరిగెడుతోంది. ఎవరో ఒకరు అతన్ని తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూసి, "అరవై ఉంటారేమో" అంటారు. ఆ అరవై మీదే మందు లెక్క మొదలవుతుంది.

అసలు బరువు 50 కిలోలే అయితే? ఇవ్వాల్సింది 45 మిల్లీగ్రాములు, లెక్కలో 54 వస్తుంది. ఈ మందు మోతాదు మించితే మెదడులోనే రక్తస్రావమయ్యే ముప్పు పెరుగుతుంది. అదే 90 కిలోల మనిషిని 75 అనుకున్నారా, 81 మిల్లీగ్రాములు అందాల్సిన చోట 67.5 మాత్రమే అందుతుంది. గడ్డ అలాగే ఉండిపోవచ్చు.

గమనించారా, బక్కమనిషి బరువు పెంచి చెప్పాం, భారీమనిషి బరువు తగ్గించి చెప్పాం. ఇది నేను కావాలని ఎంచుకున్న ఉదాహరణే, ఎందుకంటే మన చూపు తరచుగా తప్పేది సరిగ్గా ఇలాగే. ఇన్నాళ్లూ చూసిన మనుషులందరినీ కలిపి మన మనసు ఒక మామూలు మనిషి రూపాన్ని తయారు చేసుకుంటుంది. ఎవరిని చూసినా ఆ రూపం వైపుకే లాగుతుంది. పైగా శరీరం పెద్దదయ్యే కొద్దీ తేడా పట్టుకోవడం కష్టం. 50 కిలోల మనిషి అయిదు కిలోలు పెరిగితే ఇట్టే కనిపెట్టేస్తాం. 110 కిలోల మనిషి అదే అయిదు పెరిగితే చాలామందికి తెలియనే తెలియదు.

ఆ మామూలు మనిషి రూపం కూడా స్థిరంగా ఉండదు. కాసేపు సన్నటి శరీరాల బొమ్మలే చూపించి, తర్వాత మామూలు శరీరాన్ని చూపిస్తే అది కాస్త లావుగా అనిపిస్తుందని ప్రయోగాల్లో తేలింది. అధిక బరువున్న పిల్లల తల్లిదండ్రుల్లో దాదాపు సగం మంది తమ బిడ్డ బరువును ఉన్నదానికంటే తక్కువగానే అంచనా వేస్తున్నారు. అది ప్రేమ వల్లేనని నేననుకోను. రోజూ చూసే ఆకారమే కంటికి మామూలైపోతుంది.

పిల్లల విషయంలో వైద్యులు ఈ చిక్కును చక్కగా దాటారు. 1980లలో జేమ్స్ బ్రోస్లో అనే అమెరికన్ వైద్యుడు ఒక టేపు రూపొందించాడు. మంచం మీద పడుకున్న బిడ్డ పక్కన పరిచి, తల నుంచి మడమ దాకా పొడవు చూస్తారు. మడమ ఏ రంగు గడిలోకి వస్తే ఆ గడిలోనే బరువు అంచనా, మందుల మోతాదులు రాసి ఉంటాయి. హడావిడిలో ఎవరూ బిడ్డను చూసి ఊహించనక్కర్లేదు. నాకెంతో నచ్చిన పరికరం ఇది.

పెద్దవాళ్లకు అంత సులువైన టేపు లేదు. కానీ ఒక మంచి విషయం ఉంది. డాక్టర్లు, నర్సులు కంటితో చూసి వేసే అంచనా కంటే, రోగి తన నోటితో చెప్పిన బరువే అసలుకు దగ్గరగా ఉంటుందని ఎన్నో పరిశీలనల్లో తేలింది. రోజూ రోగులను చూసే కళ్లే పొరపడుతుంటే, దారిలో ఎదురైనవారి ఒళ్లు చూసి మనం అనే మాటకు ఏం ఆధారం ఉందండీ? ఆ మాట మానేస్తే బాగుంటుందని నా మనవి.

ఇక ఈరోజే చేయదగ్గ పని ఒకటి. ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరి బరువూ మిషన్ మీద చూసి, కిలోల్లో, ఎప్పుడు చూశారో తేదీతో సహా ఫోన్‌లో రాసి పెట్టుకోండి. పెద్దవయసువారిది తప్పకుండా రాయండి. పిల్లలది మాత్రం కొన్ని నెలలకోసారి మార్చి రాయండి. రోగికి మాట పడిపోయినప్పుడు ఆ అంకె చెప్పాల్సింది పక్కనున్న మీరే. అడిగేదాకా ఆగకుండా మీరే ముందు చెప్పండి.