డర్బన్ ఒక్క రోజులో: పొద్దున వార్విక్ సంత, మధ్యాహ్నం ఇనాండా కొండలు

[దృశ్యం: తెల్లవారుజాము, డర్బన్ రేవు. నీళ్ళ మీద ఓడల దీపాలు.]

వాయిస్ ఓవర్:
టౌన్‌షిప్ అనగానే మనకి ఉక్కునగరమో, ఎన్టీపీసీ క్వార్టర్సో గుర్తొస్తాయి. తీర్చిన రోడ్లు, పార్కు, క్లబ్బు. దక్షిణాఫ్రికాలో ఆ మాటకి అర్థం వేరు. నల్లజాతి వాళ్ళ చాకిరీ ఊళ్ళో కావాలి, కాపురం మాత్రం ఊళ్ళో వద్దు అని వర్ణవివక్ష పాలకులు ఊరికి ఎడంగా కట్టించిన పేటలవి. అందుకే డర్బన్‌లో ఒక్క రోజే ఉండేవాళ్ళు పొద్దున ఊరు చూడాలి, మధ్యాహ్నం టౌన్‌షిప్‌కి వెళ్ళాలి. ముందే ఇనాండా టౌన్‌షిప్‌కి వెళ్ళిపోతే అక్కడి ఇళ్ళు కనిపిస్తాయి గానీ, అవి అక్కడెందుకు ఉన్నాయో అంతుపట్టదు. పైగా పొద్దుటి సంత మన కోసం సాయంత్రం దాకా ఆగదు.

మొదట రేవు దగ్గర పది నిమిషాలు ఆగండి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 342 మందితో ఇక్కడికి చేరింది. అప్పటినుంచి 1911 దాకా చెరుకు తోటల పనికి ఒప్పందం మీద వచ్చినవాళ్ళు 1,52,184 మంది. మూడింట రెండు వంతులు మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్ళే. వాళ్ళలో తమిళులతో పాటు ఉత్తర ఆర్కాటు, విశాఖపట్నం జిల్లాల తెలుగువాళ్ళూ ఉన్నారు. ఓడ చిట్టాలో ఒక్కొక్కరికీ ఒక నంబరు. దాని పక్కన తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీది గుర్తులు. నాయుడు అనే మాట అక్కడి రాతలో చివర రెండు ఓలతో స్థిరపడి, ఇవాళ డర్బన్‌లో వీధి వీధికీ వినిపించే ఇంటిపేరైంది. ఇక్కడి తెలుగువాళ్ళు 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు.

[దృశ్యం: గైడ్ చొక్కాకి ఉన్న బ్యాడ్జి దగ్గరగా.]

వాయిస్ ఓవర్:
గైడ్ లేకుండా ఈ టూర్ వద్దు. దక్షిణాఫ్రికాలో టూరిస్టు గైడ్ చట్టప్రకారం రిజిస్టర్ అయి ఉండాలి. గుర్తింపు కార్డు, బ్యాడ్జి చూపించమని అడగండి. అడిగితే ఎవరూ తప్పు పట్టరు. బేరం కుదిరే ముందే మూడు సంగతులు తేల్చుకోండి: మ్యూజియం టికెట్లు, భోజనం ఆ డబ్బులోనే వస్తాయా, టౌన్‌షిప్‌లో బండి దిగి నడుస్తారా, గైడ్‌కి జూలూ భాష వచ్చా. బండి దిగకుండా అద్దంలోంచి చూపించి తీసుకొచ్చేస్తామంటే ఆ టూర్ వదిలేయండి. మనుషుల బతుకుని జూలో జంతువుల్లా చూడటమే అవుతుంది అది.

వీధుల పేర్ల దగ్గర ఒక తికమక ఉంది. గ్రే స్ట్రీట్ ఇప్పుడు డాక్టర్ యూసుఫ్ దాదూ స్ట్రీట్. విక్టోరియా స్ట్రీట్ ఇప్పుడు బెర్తా మ్కిజే స్ట్రీట్. మ్యాపులో కొత్త పేరు, జనం నోట్లో పాత పేరు. రెండూ రాసి పెట్టుకోండి.

[దృశ్యం: వార్విక్ జంక్షన్. మినీబస్సు టాక్సీలు, నెత్తిన మూటలతో ఆడవాళ్ళు.]

వాయిస్ ఓవర్:
ఏడింటికల్లా వార్విక్‌లో ఉండాలి. రైలు, బస్సు, టాక్సీ అన్నీ కలిసే కూడలి ఇది. చుట్టూ తొమ్మిది సంతలు. టౌన్‌షిప్‌ల నుంచి పనికొచ్చే జనం దిగేది ఇక్కడే.

ముందు ఎర్లీ మార్నింగ్ మార్కెట్. ఒప్పందం తీరాక తోటలు వేసుకున్న భారతీయుల కూరగాయల వ్యాపారంలోంచి పెరిగిన సంత ఇది. కొత్తిమీరని ఇక్కడ ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు కూడా ధనియా అనే అంటారు. వంకాయని బ్రింజాల్ అంటారు. అమాడుంబే అని కుప్పపోసి అమ్మేది మన చేమదుంపే. 2010 ప్రపంచకప్ ముందు దీన్ని పడగొట్టి మాల్ కట్టాలని నగరపాలక సంస్థ చూసింది. వ్యాపారులు ఎదురు నిలిచారు, సంత నిలిచింది.

అక్కణ్ణుంచి మూలికల సంతకి నడవండి. ఎటూ వెళ్ళకుండా మధ్యలో ఆగిపోయిన ఫ్లైఓవర్ మీద ఉంటుంది. చెట్ల బెరళ్ళు, వేళ్ళు, గడ్డలు గోనెపట్టాల మీద పరిచి ఉంటాయి. కట్టలు కట్టిన ఎండు పూలమొక్క కనిపిస్తే అది ఇంపెఫో. మనం సాంబ్రాణి వేసినట్టు, పితృదేవతలని పిలవడానికి దాన్ని రాజేస్తారు. మూలికలు ఇచ్చే వైద్యుడు ఇన్యంగా. పూర్వీకుల మాట విని కారణం చెప్పేది సంగోమా. గైడ్లు కూడా తొందరలో ఈ ఇద్దరినీ కలిపేస్తుంటారు, విడివిడిగా అడిగి తెలుసుకోండి.

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. రాగానే ఫోన్ తీసి ఫొటో కొడతారు. వ్యాపారి గట్టిగా అరుస్తుంది, అంతటితో టూర్ చేదైపోతుంది. ముందు "సావుబోనా" అనండి, జూలూలో నమస్కారం అది. ఒక్కరికైతే అది, నలుగురికైతే "సానిబోనాని". ఆమె "యేబో" (అవును) అన్నాక ఒక ఇంపెఫో కట్ట కొనండి, ఆ తర్వాత ఫొటో సంగతి అడగండి. వద్దంటే వద్దు. చిల్లర నోట్లు విడిగా ఒక జేబులో, ఫోన్ లోపలి జేబులో పెట్టుకోండి.

పక్కనే పశువుల తలకాయ మాంసం ఉడికించి అమ్మే సంత కూడా ఉంది. బీఫ్ తిననివాళ్ళు గైడ్‌కి ముందే చెప్పేస్తే ఇబ్బంది ఉండదు. పూసల సంత శుక్రవారం ఒక్కరోజే.

[దృశ్యం: క్వాముఖ్లే మ్యూజియం ముఖద్వారం.]

వాయిస్ ఓవర్:
పది గంటలకి ఇక్కడికి రండి. చాలా టూర్లు దీన్ని వదిలేస్తాయి. మా లెక్కలో ఈ రోజంతటికీ తాళంచెవి ఇదే. ఒకప్పుడు నల్లజాతి వాళ్ళ వ్యవహారాలు చూసిన మునిసిపల్ ఆఫీసు ఇది. ఊళ్ళో పని చేయాలన్నా, ఉండాలన్నా అనుమతి కాగితం కోసం ఇక్కడ బారులు తీరి నిలబడేవాళ్ళు. ఆ పెత్తనానికి డబ్బు ఎక్కడిది? జొన్న బీరుది. 1908 చట్టం తర్వాత జూలూ ఆడవాళ్ళు ఇళ్ళలో కాచుకునే బీరు నేరమైంది. కాచేదీ అమ్మేదీ మునిసిపాలిటీయే. వాళ్ళు తాగిన డబ్బుతోనే వాళ్ళని అదుపులో పెట్టే యంత్రాంగం నడిచింది. దీనికే డర్బన్ పద్ధతి అని పేరు, మిగతా ఊళ్ళూ దీన్ని చూసి నేర్చుకున్నాయి. 1959లో డర్బన్‌లోని కేటో మేనర్ అనే పేట ఆడవాళ్ళు మునిసిపాలిటీ బీరు హాళ్ళ మీద ఎందుకు విరుచుకుపడ్డారో ఈ గదులు చూశాక అర్థమవుతుంది. ఆ కేటో మేనర్‌ని ఖాళీ చేయించి జనాన్ని తరలించింది క్వామాషు, ఉమ్లాజీ టౌన్‌షిప్‌లకి.

[దృశ్యం: బన్నీ చావ్ దగ్గరగా. బ్రెడ్ అంచు మీదుగా జారుతున్న కూర.]

వాయిస్ ఓవర్:
భోజనానికి గ్రే స్ట్రీట్ వైపు రండి. శుక్రవారమైతే జుమ్మా మసీదు ముందు మధ్యాహ్నం నమాజు రద్దీ ఉంటుంది, పన్నెండు లోపే తినేయండి. బన్నీ చావ్ అంటే కుందేలు కాదు. కోయని తెల్ల బ్రెడ్‌లో పావు భాగం తీసుకుని, లోపలి మెత్తన తవ్వి, ఆ గుంటలో కూర పోస్తారు. "క్వార్టర్ మటన్" అంటే చాలు. శాకాహారులు "క్వార్టర్ బీన్స్" అడగండి. ఒక మనిషికి క్వార్టర్ ఎక్కువే. తవ్వి తీసిన ముక్క పైన పెట్టి ఇస్తారు, ముందు దాన్నే కూరలో ముంచి తినాలి. తర్వాత పై అంచు నుంచి గోడలు కొద్దికొద్దిగా తుంచుతూ కిందికి రావాలి. మొదటే పక్కగోడ లాగితే కూరంతా ఒళ్ళో పడుతుంది. నెమ్మదిగా తింటే అడుగు నాని చిరిగిపోతుంది. స్పూను అడగకండి, ఇది చేత్తో తినేదే.

[దృశ్యం: ఎం25 రోడ్డు. కొండవాలున బారుగా చిన్న ఇళ్ళు.]

వాయిస్ ఓవర్:
ఒంటిగంటకి బయల్దేరితే అరగంట, ముప్పావుగంటలో ఇనాండా. దారిలో క్వామాషు. మార్షల్ క్యాంప్‌బెల్ అనే చెరుకు ఆసామి పేరు జూలూ నోట్లో మాషు అయింది. నాలుగు గదుల ఇల్లు ఒకటి నిదానంగా చూడండి. అగ్గిపెట్టె ఇళ్ళు అంటారు వీటిని. ముందు కట్టింది నాలుగు గదులే. ఇప్పుడు చాలావాటికి వెనక ఒక అద్దె గది, పక్కన ఒక షెడ్డు, ముందు కిటికీకి ఊచలు బిగించి స్పాజా అనే చిన్న కిరాణా కొట్టు. పాలకులు కట్టించిన పెట్టెని వీళ్ళు ఇల్లు చేసుకున్న తీరు ఆ అతుకుల్లో కనిపిస్తుంది. పిల్లలకి చాక్లెట్లు పంచకండి. స్పాజాలో ఏదైనా కొనండి, ఆ డబ్బు ఆ వీధిలోనే తిరుగుతుంది.

తర్వాత ఫీనిక్స్ ఆశ్రమం. 1904లో గాంధీ వంద ఎకరాల్లో పెట్టింది. చుట్టూ ఉన్న పేట పేరు భంబాయి, బొంబాయి అనే మాటే అది. ఇండియన్ ఒపీనియన్ పత్రిక ఇక్కడే అచ్చయ్యేది. 1913లో మూడు పౌన్ల తలపన్ను మీద, భారతీయ పెళ్ళిళ్ళు చెల్లవన్న తీర్పు మీద పోరాటానికి కస్తూరిబాతో కలిపి పదహారుమంది ఇక్కణ్ణుంచే బయల్దేరి జైలుకెళ్ళారు. మీరు చూసే సర్వోదయ, అంటే గాంధీ ఇల్లు, అసలుది కాదు. 1985 అల్లర్లలో తగలబడింది, మళ్ళీ కట్టి 2000లో తెరిచారు. గైడ్ ఈ మాట దాటేస్తే మీరే అడగండి. వర్ణవివక్ష భారతీయుల్ని ఒక పేటలో, ఆఫ్రికన్లని పక్క పేటలో పెట్టి ఎంత మంట రాజేసిందో ఆ సమాధానంలోనే ఉంటుంది.

దగ్గర్లోనే షెంబే అనే ప్రవక్త పెట్టిన నజరేత్ చర్చి వాళ్ళ పుణ్యస్థలం. వాళ్ళకి శనివారం విశ్రాంతి దినం, తెల్లని వస్త్రాలతో ఆరుబయట ప్రార్థన. ఆవరణలోకి చెప్పులతో వెళ్ళకూడదు. ఆడవాళ్ళు తల కప్పుకోవాలి, ప్యాంటు పనికిరాదు. మన చున్నీ, లంగా బ్యాగులో ఉంటే గేటు దగ్గర ఆగిపోరు.

చివరిగా ఓహ్లాంగే. జాన్ డూబే కట్టిన బడి. ఇండియన్ ఒపీనియన్ మొదలైన 1903లోనే ఆయన ఇలంగా పత్రిక మొదలుపెట్టారు, 1912లో తర్వాత ఏఎన్‌సీగా (ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్) పేరు మారిన పార్టీకి తొలి అధ్యక్షుడయ్యారు. 1994 ఏప్రిల్ 27న మండేలా తన జీవితంలో మొదటి ఓటు వేయడానికి ఈ బడినే ఎంచుకున్నారు. ఓటు వేసిన రోజే పైన ఉన్న డూబే సమాధి దగ్గరికి వెళ్ళి, దేశం స్వేచ్ఛ పొందిందని ఆయనకి విన్నవించుకున్నారు. ముందు ఓటు గది చూసి, తర్వాత సమాధి దగ్గరికి ఎక్కండి. అక్కడ నిలబడితే లోయ అంతా కనిపిస్తుంది. పొద్దున వార్విక్‌లో దిగిన జనం తిరిగొచ్చే ఇళ్ళు అవే.

నాలుగింటికి బండెక్కండి. జూన్, జులైలో ఐదు దాటితే చీకటే.

[దృశ్యం: సమాధి, వెనక లోయలో వెలుగుతున్న మొదటి దీపాలు.]