కొత్త క్యాసెట్ ప్లేయర్ రివ్యూ: నాకు ఈ ఒక్క బటన్ చాలు

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, ఈ క్యాసెట్ ప్లేయర్‌ని కంపెనీ వాళ్లే ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. బ్లూటూత్ ఏ వెర్షన్, బ్యాటరీ ఎన్ని గంటలొస్తుంది, బరువెంత... ఇవన్నీ మీరు ఈపాటికి వేరే చోట చూసేసే ఉంటారు. వాటి జోలికి పోను. నేను మాట్లాడాలనుకున్నది ప్లే బటన్ గురించి.

ఇదిగో, వినండి. ఠక్! మళ్లీ ఒకసారి. ఠక్! లోపల నిజంగానే ఒక ఇనుప పలక కదిలిన చప్పుడు ఇది. ఉండండి, మూత తీసి దగ్గరగా చూపిస్తాను. కనిపిస్తోందా? బటన్ మెల్లగా నొక్కుతున్నాను చూడండి. ఈ హెడ్, అంటే టేప్ మీదున్న పాటని చదివే భాగం, మొత్తం ముందుకు జరిగి టేప్‌కి ఆనుకుంది. పక్కనే ఈ నల్ల రబ్బరు చక్రం, పించ్ రోలర్ అంటారు, వెళ్లి సన్నటి కడ్డీని పట్టుకుంది. ఆ కడ్డీ క్యాప్‌స్టన్. టేప్ సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవాలి కదా, ఆ నడక తప్పకుండా టేప్‌ని లాగేది ఈ జంటే. మోటారు పని తిప్పడం వరకే. హెడ్‌ని టేప్ దాకా చేర్చింది నా వేలు! ఫోన్ తెర మీద పాట తాకితే నాకు ఈ తృప్తి ఎప్పుడూ దొరకలేదు.

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్న టూ ఇన్ వన్‌లో ఈ బటన్లు ఇంకా గట్టిగా ఉండేవి. రికార్డ్ చేయాలంటే రెండు బటన్లు కలిపి నొక్కాలి, బొటనవేలు నొప్పి పుట్టేది. బాగా ఇష్టమైన క్యాసెట్ మీద ఎవరూ ఇంకేదీ రికార్డ్ చేయకుండా, వెనక అంచులో ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేసేవాళ్లం. ఇక రికార్డ్ బటన్ ఎంత నొక్కినా దిగదు. మనసు మారిందనుకోండి, ఆ కన్నం మీద సెల్లోటేప్ అంటిస్తే మళ్లీ దిగుతుంది. పాస్‌వర్డ్ లేదు, సెట్టింగ్స్ లేవు. ఎంత తెలివైన ఏర్పాటో!

సరే, దీని సంగతికొద్దాం. నాకు ఒళ్లు మండేది రివైండ్ దగ్గర. ప్లేలో టేప్ అయిపోతే బటన్ దానంతటదే లేస్తుంది, బాగుంది. రివైండ్‌లో లేవదు! చివరికి వచ్చాక కూడా మోటారు మూలుగుతూనే ఉంటుంది. సీ90, అంటే రెండు వైపులా కలిపి తొంభై నిమిషాల క్యాసెట్, పెట్టి పక్క గదిలోకి వెళ్లే పని లేదు, కాపలా కాయాలి. ఇప్పటి రోజుల్లో కొత్తగా తయారుచేస్తూ ఇది సరిచేయకపోవడం నాకు అస్సలు నచ్చలేదు. టేప్ బుసని తగ్గించే డాల్బీ ఏర్పాటు కూడా లేదు, కాబట్టి అందులో ఒక రకమైన డాల్బీ బి తో రికార్డ్ చేసిన పాత క్యాసెట్లు కాస్త చురుగ్గా, బుస్సుమంటూ వినిపిస్తాయి. దాంతో నేను సర్దుకున్నాను.

ఇంకొకటి. 1979లో వచ్చిన మొదటి సోనీ వాక్‌మన్‌కి ఇద్దరు కలిసి వినడానికి రెండు హెడ్‌ఫోన్ జాక్‌లు ఉండేవి. దీనికి ఒక్కటే ఉంది. పక్కన మనిషిని కూర్చోబెట్టుకుని వినడమే క్యాసెట్ సరదా అనుకునే నాలాంటి వాళ్లకు అది లోటే.

మరి కొనాలా? ఇంట్లో క్యాసెట్లు ఉంటే కొనండి. మార్కులు వేసి కూడితే ఇది గెలవదని నాకూ తెలుసు. అయినా రోజూ పొద్దున్నే చేయి దీని మీదికే వెళ్తోంది, ఆ బటన్ కోసం. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి: ఏళ్ల తరబడి పెట్టెలో పడున్న క్యాసెట్ వేస్తే హెడ్‌కి గోధుమ రంగు పొడి అంటుకుంటుంది, పాట మసకబారుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి హెడ్‌నీ, క్యాప్‌స్టన్‌నీ మెల్లగా తుడవండి. పూర్తిగా ఆరాకే క్యాసెట్ పెట్టండి.