రిథమ్ వాయించినవాడి పేరు మాల్కమ్ యంగ్
(మెల్‌బోర్న్‌లో తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులకు, కార్యవర్గానికి, ఇందాక అంత బాగా పాడిన పిల్లలకు, వాళ్ళని వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. పొద్దున్నుంచీ వంటల దగ్గర నిలబడి ఇప్పుడే వచ్చి వెనక కుర్చీల్లో కూలబడ్డవాళ్ళకి ఇంకో నమస్కారం.

నాకు ఇచ్చిన అంశం ‘ఏసీ డీసీ బ్యాండ్: అవార్డులు, ఘనతలు’. మన పిల్లలు చాలామంది గిటారు నేర్చుకుంటున్నారు, వాళ్ళకి పనికొచ్చేట్టు నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. నేను తెనాలి, గుంటూరు చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల్లో చాలాకాలం రిథమ్ గిటారు, అంటే పాట వెనక లయ పట్టి ఉంచే గిటారు, వాయించాను. అందుకని మాట్లాడకుండా ఒప్పుకున్నాను. అవార్డుల సంగతి ముందే చెప్పేస్తాను, అది తొందరగా అయిపోతుంది.

ఈ రాక్ బ్యాండ్ 1973లో సిడ్నీలో పుట్టింది. ఆ డిసెంబరు 31 రాత్రి చెకర్స్ అనే క్లబ్బులో మొదటి ప్రోగ్రాం. యాభై ఏళ్ళు దాటిపోయింది. ప్రపంచం మొత్తం మీద 20 కోట్ల రికార్డులకు పైనే అమ్ముడయ్యాయని లెక్క. 1980లో వచ్చిన ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ ఆల్బమ్‌కి ఒక్క అమెరికాలోనే 2.5 కోట్ల కాపీలకు తగ్గకుండా సర్టిఫికెట్ ఉంది. మరి అమెరికాలో సంగీతానికిచ్చే పెద్ద బహుమతులు, గ్రామీలు, ఎన్ని వచ్చి ఉంటాయి? చెప్పండి. ఎవరైనా. పది? అయిదు? ఒక్కటండీ. 2010 జనవరి 31న, ‘వార్ మెషీన్’ అనే పాటకి. బ్యాండ్ పెట్టిన 36 ఏళ్ళకి.

అంతకు ముందు 1989లో ఒకటి జరిగింది. గ్రామీ వాళ్ళు హార్డ్ రాక్‌కీ, హెవీ మెటల్‌కీ కలిపి మొట్టమొదటిసారి ఒక బహుమతి పెట్టారు. జాబితాలో అయిదు పేర్లు. మెటాలికా, ఇగ్గీ పాప్, జేన్స్ అడిక్షన్, జెత్రో టల్, ఏసీ డీసీ. బహుమతి జెత్రో టల్‌కి వచ్చింది. ఆ బ్యాండ్ నాయకుడు స్టేజీ మీద ఫ్లూట్ వాయిస్తాడు. గొప్ప కళాకారుడు, ఆయన్ని నేను ఒక్క మాట అనను. కానీ హాల్లో జనం నోరెళ్ళబెట్టారు. మెటాలికాకి అన్యాయం జరిగిందని ఇప్పటికీ రాస్తూనే ఉంటారు. అదే జాబితాలో ఏసీ డీసీ కూడా ఉంది. పోనీ వాళ్ళకి అన్యాయం జరిగిందని ఎవరైనా అన్నారా? వాళ్ళకేంలే, ఎప్పుడూ ఉండేవాళ్ళేగా అనుకుంటారు. ఎప్పుడూ ఉండేవాళ్ళు ఎవరి కంటికీ ఆనరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మిగతావి గబగబా చెబుతాను. ఆస్ట్రేలియాలో రికార్డు కంపెనీల సంఘం ‘ఏరియా’ 1988లో హాల్ ఆఫ్ ఫేమ్, అంటే మేటి కళాకారుల గౌరవ జాబితా, మొదలుపెట్టినప్పుడు మొదటి జట్టులోనే వీళ్ళని చేర్చింది. అదే ఏడాది ఈ బ్యాండ్‌లో గిటారు వాయించే అన్నదమ్ములకి అన్న అయిన జార్జ్ యంగ్‌నీ, పాటలు కట్టడంలో ఆయన జతగాడు హ్యారీ వాండానీ కూడా చేర్చింది. ఒకే ఇంటి నుంచి ఒకే ఏడాది రెండు గౌరవాలు. 2003 మార్చిలో న్యూయార్కులో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్. ఏరోస్మిత్ గాయకుడు స్టీవెన్ టైలర్ వీళ్ళని వేదిక మీదకి ఆహ్వానించాడు. అప్పటికి చనిపోయి 23 ఏళ్ళయిన పాత గాయకుడు బాన్ స్కాట్ తరఫున ఆయన మేనల్లుళ్ళు అందుకున్నారు. మొదటి రోజుల్లో బేస్ వాయించిన మార్క్ ఎవాన్స్ పేరు ముందు జాబితాలో ఉండి, తర్వాత లేకుండా పోయింది. అది కూడా గుర్తుపెట్టుకోండి.

ఇక మన ఊరి గౌరవం. ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్లో దిగి కాస్త నడిస్తే ఒక చిన్న సందు వస్తుంది. 2004 దాకా దాని పేరు కార్పొరేషన్ లేన్. ఇప్పుడు ఏసీడీసీ లేన్. గోడల నిండా బొమ్మలు. మీలో చాలామంది అక్కడ ఫోటోలు దిగే ఉంటారు. బ్యాండ్ సిడ్నీది కదా, మెల్‌బోర్న్‌లో వీధి పేరేమిటని అడగొచ్చు. 1976 ఫిబ్రవరిలో వీళ్ళు లారీ ఎక్కి స్వాన్‌స్టన్ స్ట్రీట్ మీద పాడుతూ వెళ్ళారు, వెంట స్కాట్లండ్ బ్యాగ్‌పైపులు. రోజూ మనం ట్రామ్ ఎక్కే వీధే. అందుకని ఈ ఊరికి వాళ్ళ మీద హక్కుంది.

అవార్డులు అయిపోయాయి. కార్యదర్శిగారు వాచీ చూస్తున్నారు. అయ్యా, నేను అసలు చెప్పాలని వచ్చింది ఇప్పుడు మొదలవుతుంది. నన్ను ఆపొద్దు.

ఈ బ్యాండ్‌లో స్కూలు యూనిఫాం, నిక్కరు వేసుకుని స్టేజీ అంతా పరిగెత్తే గిటారిస్టు పేరు తెలిసినవాళ్ళు చేతులెత్తండి. చూశారా, ఎన్ని చేతులో! అంగస్ యంగ్. సరే. ఆ వెనక, డ్రమ్స్ పక్కనే, జీన్సు ప్యాంటు, మామూలు బనియను వేసుకుని కదలకుండా నిలబడి ఉంటాడే, కోరస్ పాడాల్సినప్పుడు మాత్రం నాలుగడుగులు మైకు దగ్గరికి వచ్చి, పాడి, మళ్ళీ వెనక్కి వెళ్ళిపోతాడే, ఆయన పేరు? ఇదిగో, చేతులన్నీ దిగిపోయాయి.

ఆయన మాల్కమ్ యంగ్. అంగస్‌కి అన్న. ఆ బ్యాండ్ పెట్టింది ఆయన. ఎవరుండాలో, ఎవరు వెళ్ళాలో, ఏ పాట ఉంచాలో తేల్చింది ఆయన. తమ్ముణ్ణి ముందుకి తోసి, లీడ్ (ముందుండి బాణీలు పలికించే గిటారు) నువ్వు వాయించు అని వెనక్కి వెళ్ళి నిలబడింది కూడా ఆయనే. లీడ్ రాక కాదు, మొదట్లో ఇద్దరూ వాయించేవాళ్ళు.

వీళ్ళది స్కాట్లండ్‌లో గ్లాస్గో. 1963లో ఇంటిల్లిపాదీ వలస వచ్చారు. అప్పటికి మాల్కమ్‌కి పదేళ్ళు. దిగగానే ఉన్నది సిడ్నీలో విలావుడ్ అనే వలసదారుల హాస్టల్లో. బాన్ స్కాట్ కుటుంబం కూడా స్కాట్లండ్ నుంచి వచ్చిందే. వాళ్ళు మొదట కాపురం పెట్టింది ఎక్కడో తెలుసా? మన పడమటి వైపు, సన్‌షైన్‌లో. మీరు రైళ్ళు మారే సన్‌షైన్‌లోనే! ఇక్కడున్న మనందరి కథా అలాంటిదే కాబట్టి ఈ ముక్క చెప్పకుండా ఉండలేకపోయాను. మాల్కమ్ బడి మానేసి లోదుస్తుల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు రిపేరు చేసేవాడు. సాయంత్రం చేతులు కడుక్కుని గిటారు పట్టుకునేవాడు. బ్యాండ్ పేరు కూడా అక్క మార్గరెట్ కుట్టుమిషను మీద చూసి చెప్పిందే.

ఆయన గిటారు గురించి పిల్లలు శ్రద్ధగా వినండి. గ్రెచ్ కంపెనీ ఎర్ర గిటారు. హ్యారీ వాండా ఇచ్చింది. మాల్కమ్ దాని రంగు గీకించి కట్టెగా చేశాడు. తీగల శబ్దాన్ని పట్టే పికప్‌లలో, తీగలు ఆనే బ్రిడ్జి దగ్గరది ఒక్కటే ఉంచి మిగతావి పీకేశాడు. ఆ చిల్లులు అలాగే ఉండేవి. తీగలు బాగా లావువి, కొత్తగా నేర్చుకునేవాళ్ళు నొక్కితే వేళ్ళు వాచిపోతాయి. యాంప్, అంటే గిటారు శబ్దం పెంచే పెట్టె, దాని మీద శబ్దం చెడగొట్టే గెయిన్ మీరంతా పెట్టినంత పెట్టేవాడు కాదు. మీరు పెడల్ తొక్కి తెప్పించుకునే ఆ గరగర ఆయనకి కుడిచేతి దెబ్బలోంచి వచ్చేది.

‘బ్యాక్ ఇన్ బ్లాక్’ పాట మొదలు వినండి. ముందు డ్రమ్మర్ లెక్క కడతాడు. ‘E’ కార్డు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం) ఒక్క దెబ్బ. తర్వాత ఖాళీ. ‘D’ కార్డు మూడు దెబ్బలు. ఖాళీ. ‘A’ కార్డు మూడు దెబ్బలు. ఇంట్లో ఎవరైనా వాయించగలరు, మొదటి నెలలోనే మాస్టారు నేర్పిస్తారు. కానీ ఆ ఖాళీ ఉంది చూశారూ, అక్కడ తీగ మోగకూడదు. వేలు ఎత్తీ ఎత్తకుండా టక్కున నొక్కి శబ్దం చంపాలి. ఒక్క వెంట్రుక ముందు నొక్కితే తొందరపడ్డట్టు ఉంటుంది, ఒక్క వెంట్రుక ఆలస్యమైతే పాట సాగిపోతుంది. వేలమంది జనం ముందు, రాత్రి తర్వాత రాత్రి, ఆ ఖాళీని అలాగే ఉంచడం మాల్కమ్ పని. ఆయన ఖాళీ ఇస్తేనే తమ్ముడు అందులో దూరి గిరగిరా తిరిగేది.

ఆ ఆల్బమ్ వచ్చిన పరిస్థితి కూడా చెప్పాలి. 1980 ఫిబ్రవరి 19న బాన్ స్కాట్ లండన్‌లో చనిపోయాడు. 33 ఏళ్ళు. అందరూ బ్యాండ్ అయిపోయిందనుకున్నారు. బ్రయాన్ జాన్సన్ అనే ఇంగ్లండ్ న్యూకాసిల్ గాయకుణ్ణి తీసుకుని, బహామాస్ దీవుల్లో రికార్డు చేసి, ఆ జూలై 25కల్లా ఆల్బమ్ బయటపెట్టారు. అయిదు నెలల్లో! అట్ట మీద బొమ్మ లేదు, నలుపు, అంతే. మొదటి పాట గంటలతో మొదలవుతుంది. అమెరికా అమ్మకాల జాబితాలో ఆ ఆల్బమ్ నాలుగో స్థానం దాటలేదు. ఆ దేశంలో ఒకటో స్థానం ఎరగని ఆల్బమ్ అక్కడే 2.5 కోట్లకు తగ్గకుండా అమ్ముడైంది. పరుగు పందెంలో ఎవరు ముందున్నారో రాసేవాళ్ళు ఇలాంటివాటిని ఏ గడిలో రాస్తారు?

నాకు ఇంత కోపం ఎందుకో చెబుతాను. నాకు గిటారు నేర్పిన మాస్టారు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో వాయించని ఊరు లేదు. దసరా పందిళ్ళు, పెళ్ళిళ్ళు, కాలేజీ వార్షికోత్సవాలు. ఆయన కార్డు వేస్తే కొత్త గాయకుడు కూడా శ్రుతి తప్పేవాడు కాదు. శ్రుతి చెబితే చాలు, ఏ పాటైనా అందులోకి అప్పటికప్పుడు మార్చేసేవారు. ఒక పట్టణంలో ఒక సంస్థ వాళ్ళ వార్షికోత్సవం. అర్ధరాత్రి దాకా ప్రోగ్రాం. చివర సన్మానాలు. గాయకుడికి శాలువా, గాయనికి శాలువా, వ్యాఖ్యాతకి శాలువా. జ్ఞాపికలు, దండలు. మాస్టారు పక్కనే గిటారు మెడలో వేసుకుని నిలబడి ఉన్నారు. నిర్వాహకుల్లో ఒకాయన వచ్చి, ‘‘ఏమయ్యా, ఆ డబ్బా కాస్త పక్కకి జరుపు, ఫోటోలో అడ్డం వస్తోంది’’ అన్నాడు. మాస్టారు వంగి, వైర్లు చుట్టి, యాంప్ మోసుకుని మెట్లు దిగారు. నేను వెనక పట్టుకున్నాను. వ్యాన్‌లో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన చనిపోయాక వెతికితే, స్టేజీ మీద ఆయన నిండుగా కనిపించే ఫోటో ఒక్కటి దొరకలేదు. ఎప్పుడూ ఎవరి భుజం వెనకో సగం మొహం.

శాస్త్రీయ కచేరీలో ఇలా ఉండదు. అక్కడ పెద్దలు ఒక మర్యాద పెట్టారు. మృదంగం వాయించేవాడికి తని ఆవర్తనం, అంటే ఒక్కడే వాయించే అవకాశం, ఇస్తారు, గాయకుడు పాట ఆపి తాళం వేస్తూ కూర్చుంటాడు. వయొలిన్ ఆయన పేరు ఆహ్వానపత్రంలో ఉంటుంది. సినిమా పాటల దగ్గరికి వచ్చేసరికి ఆ మర్యాద ఎవరు తీసేశారు? మన సభ ఆహ్వానపత్రం నా జేబులోనే ఉంది, చూడండి. ముఖ్య అతిథి పేరుంది, గాయనీగాయకుల పేర్లున్నాయి, భోజనాలు ఏర్పాటు చేసినవారి పేరు కూడా ఉంది, ఉండాల్సిందే. ఇందాక రెండు గంటలు వాయించిన పిల్లల పేర్లు ఏవి? తల్లిదండ్రుల్లారా, మీ అబ్బాయి లీడ్ వాయించట్లేదని మాస్టార్ల దగ్గరికి వెళ్ళి పోట్లాడకండి. రిథమ్ ఇచ్చారంటే ఆ పిల్లవాడి చేతిలో కాలం నిలుస్తోందని అర్థం. అది నేర్పితే వచ్చేది కాదు.

మాల్కమ్ చివరి సంగతి చెప్పి దిగిపోతాను.

2008లో ‘బ్లాక్ ఐస్’ ఆల్బమ్ వచ్చి 29 దేశాల్లో మొదటి స్థానంలో నిలిచింది. దానికోసం ప్రపంచమంతా తిరిగారు. అప్పటికే మాల్కమ్‌కి మతిమరుపు జబ్బు మొదలైంది. తనే కట్టిన పాటలు, ముప్పై ఏళ్ళుగా వాయించినవి, ఆయనకి గుర్తుండేవి కావు. ఆ రోజుకారోజు కూర్చుని మళ్ళీ నేర్చుకుని స్టేజీ ఎక్కేవాడు. కింద ఉన్న జనానికి తెలియలేదు. తెలియనివ్వలేదు. ఆ ఒక్క గ్రామీ వచ్చిందే, అది ఆ ఆల్బమ్‌లోని పాటకే, ఆ తిరుగుడు మధ్యలోనే. గ్రామీ ఏ పాటకి వచ్చిందని నన్నెవరైనా అడిగితే నేను ముందు ఈ సంగతి చెబుతాను.

2014లో ఆయన బ్యాండ్ నుంచి తప్పుకున్నాడు. ఆ స్థానంలోకి అన్న కొడుకు స్టీవీ యంగ్ వచ్చాడు, అదే చోట, డ్రమ్స్ పక్కన. 2017 అక్టోబరులో అన్న జార్జ్ పోయాడు. నెల తిరగకుండా నవంబరు 18న మాల్కమ్. 64 ఏళ్ళు.

2020లో ‘పవర్ అప్’ అని ఇంకో ఆల్బమ్ వచ్చింది. అందులో ప్రతి పాటకీ రచయితలుగా రెండే పేర్లు: అంగస్ యంగ్, మాల్కమ్ యంగ్. ఇద్దరూ కలిసి ఎప్పుడెప్పుడో కట్టి దాచిపెట్టుకున్న బాణీల్లోంచి తమ్ముడు తీసి పూర్తి చేశాడు. పోయిన మూడేళ్ళకి అన్న పేరు పన్నెండు పాటల మీద! దానికి గ్రామీ నామినేషన్లు వచ్చాయి, బహుమతి రాలేదు. రాకపోతే పోయింది. వెనక వాయించినవాడి పేరు ముందువాడే రాశాడు. నేను నా జన్మలో చూసిన సన్మానాల్లో అంత పెద్దది ఇంకోటి లేదు.

కార్యదర్శిగారూ, వచ్చే ఏడాది ఆహ్వానపత్రంలో వాయిద్యాలవాళ్ళ పేర్లు గాయకుల పేర్లతో సమానమైన అక్షరాల్లో వేయిస్తామని ఇప్పుడే, ఈ మైకులోనే మాటివ్వాలి. తల ఊపితే చాలదు. సంతోషం, చప్పట్లు కొట్టండి. ఆ మూల వైర్లు చుట్టుకుంటున్న పిల్లలూ, ఆ పని పెద్దవాళ్ళు చూసుకుంటారు, మీరు ఇలా రండి. తబలా బాబూ, కీబోర్డు అమ్మాయీ, రిథమ్ గిటారు నాయనా, నువ్వు ముందు రా. ఇక్కడ మధ్యలో నిలబడండి, ఫోటోగ్రాఫరుగారు ఎదురుగానే ఉన్నారు. ఇదిగో మైకు. మీ పేర్లు, ఇంటిపేర్లతో సహా, గట్టిగా చెప్పండి.