గేర్ బాక్స్‌కీ క్రౌన్‌కీ ఒకటే నైంటీ ఆయిలా? మూడు డబ్బాలు విప్పి చూద్దాం

నమస్తే అన్నా, నమస్తే తమ్ముళ్లూ. టేబుల్ మీద మూడు డబ్బాలు కనపడుతున్నాయి కదా, మూడూ ఊరికే వచ్చినవే. ఆయిల్ డిస్ట్రిబ్యూటర్ ఒకాయన పంపించి రివ్యూ చెయ్యమన్నాడు. డబ్బులు తీసుకోలేదు. ఈ వీడియో చూశాక ఇంకో డబ్బా పంపుతాడన్న నమ్మకం మాత్రం లేదు. ఎందుకంటే వీటిలో ఒకదాన్ని గేర్ బాక్స్ దరిదాపులకి కూడా రానివ్వొద్దని చెప్పబోతున్నా. కంపెనీ పేరు మీద టేపు వేశాను. రెండింటికీ ఒకటే ఆయిల్ అని లేబుల్ వేసే రోగం ఒక్క కంపెనీది కాదు, పేరుతో మనకి పని లేదు.

ఎంత చలికి ఆయిల్ కదలడం ఆగుతుంది (పోర్ పాయింట్), ఎంత వేడికి ఆవిరి అంటుకుంటుంది (ఫ్లాష్ పాయింట్) అనేవి డేటా షీట్‌లో ఉంటాయి. అవన్నీ మళ్లీ చదివి వినిపించను. 75డబ్ల్యూ-90 అనేది చిక్కదనం గ్రేడు, జీఎల్ అనేది గేర్ ఆయిల్ తరగతి. మొదటి డబ్బా 75డబ్ల్యూ-90, జీఎల్-4. రెండోది 75డబ్ల్యూ-90, జీఎల్-5, పక్కన ఎల్ఎస్ అని ఉంది, దాని సంగతి తర్వాత చెప్తా. మూడోది కూడా 75డబ్ల్యూ-90నే, కాకపోతే జీఎల్-4 గీత జీఎల్-5 అని రెండూ రాశారు. ఈ గీత మీదే నా గొడవంతా.

నెల్లూరు ఆటోనగర్‌కి పోండి, ఒంగోలుకి పోండి, గేర్ ఆయిల్ కావాలంటే అడిగే మాట ఒకటే: "నైంటీయా, వన్ ఫార్టీయా?" లారీలకీ ట్రాక్టర్లకీ తరాల నుంచి ఆ మాటతోనే బండి నడిచింది. నైంటీ అనేది చిక్కదనం, అంతే. వంద డిగ్రీల వేడి దగ్గర కనీసం 13.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే లెక్క) ఉండాలి. ఇంకో తమాషా చెప్తా. గేర్ ఆయిల్‌లో నైంటీ అంటే ఇంజన్ ఆయిల్‌లో 40కీ 50కీ మధ్య చిక్కదనమే. కొలబద్దలు వేరు కాబట్టి అంకె పెద్దగా కనపడుతుంది. ఆ ఆయిల్ లోపల ఏ మందు కలిసిందో నైంటీ చెప్పదు. అది చెప్పేది జీఎల్ పక్కనున్న అంకె.

స్పోర్ట్స్ కారు, వెనక చక్రాలు లాగే బండి తీసుకోండి. క్రౌన్ అంటే వెనక చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్ పెట్టె. దాని లోపల పినియన్ అనే చిన్న పళ్ల చక్రం ఉంటుంది కదా, అది క్రౌన్ వీల్ అనే పెద్ద చక్రం నడిమధ్యకి ఎదురుగా ఉండదు, కాస్త కిందికి జరిగి ఉంటుంది. హైపాయిడ్ అనేది దీన్నే. ఇట్టా జరపబట్టే పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాకుండా పొడుగునా రాసుకుంటూ జారుతాయి. ఆ రాపిడికి ఆయిల్ పొర చిట్లిపోయి ఇనుముకి ఇనుము తగులుతుంది. అక్కడ కాపాడేది గంధకం, భాస్వరం కలిపిన మందు. తగిలిన చోట వేడికి అది ఉక్కుతో కలిసి పల్చటి పొర కడుతుంది. పొర అరిగిపోతుంది, మళ్లీ కడుతుంది. పన్ను మిగులుతుంది. జీఎల్-5లో ఈ మందు జీఎల్-4 కంటే దాదాపు రెట్టింపు. గేర్ ఆయిల్ డబ్బా మూత తీస్తే కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతుందే, అది ఈ గంధకమే.

మందు జాస్తి ఉంటే మంచిదే కదా, గేర్ బాక్స్‌లోనూ అదే పోస్తే పోలా, అంటారు. ఇక్కడే పప్పులో కాలేస్తారు.

ఇదిగో, దగ్గరగా చూపిస్తా. ఇది సింక్రో రింగ్. పసుపు పచ్చగా ఉంది చూడండి, ఇత్తడి. లోపలి అంచుకి వేలి గోరు పెట్టి గీస్తే గరగరమంటుంది, సన్నటి గాడులు. మీరు సెకండ్ నుంచి థర్డ్‌కి గేరు కర్ర తోసినప్పుడు ఈ రింగ్ పోయి గేర్ కోన్ మీద బ్రేక్ లాగా పట్టుకోవాలి. ఆ గాడులు ఆయిల్‌ని చీల్చుకుని పక్కకి తోసేస్తేనే పట్టు దొరుకుతుంది. పట్టు దొరికితే రెండు వేగాలూ కలుస్తాయి, అప్పుడు పళ్లు మెత్తగా దిగుతాయి. అంటే ఇక్కడ మనకి కావాల్సింది జారడం కాదు, పట్టుకోవడం. జీఎల్-5 మందు జారడానికి పుట్టింది. రింగ్ మీద అది పొర కట్టిందంటే రింగ్ జారుతుంది, వేగాలు కలవకుండానే పళ్లు ఢీకొంటాయి, కర్ర్ మని అరుస్తుంది. పొద్దున్నే బండి తీసి థర్డ్ నుంచి సెకండ్‌కి దించేటప్పుడు ముందుగా వినపడేది ఆ చప్పుడే. చాలామంది క్లచ్ పోయిందని క్లచ్ ప్లేట్లు మార్పిస్తారు, చప్పుడు మాత్రం అట్టనే ఉంటుంది.

ఇత్తడిని తినేస్తుందా లేదా అనేది రెండో సంగతి. ల్యాబుల్లో ఏఎస్‌టీఎం డీ130 అని పరీక్ష ఉంది. మెరుగు పెట్టిన రాగి బద్దని ఆయిల్‌లో ముంచి, గేర్ ఆయిల్ అయితే 121 డిగ్రీల దగ్గర మూడు గంటలు ఉంచుతారు. తీసి తుడిచి రంగు చూసి 1 నుంచి 4 దాకా మార్కు వేస్తారు. 1 అంటే కొంచెం మసకబారింది, 4 అంటే తినేసింది. జీఎల్-5కి 3 దాకా వచ్చినా పాసే. 3 అంటే ముదురు మరక, గుర్తుపెట్టుకోండి.

ఇక్కడ దానికి నాటు రూపం చేసి పెట్టాం. కరెంటు తీగలో రాగిని ఎమరీ కాగితంతో తళతళా రుద్ది, మూడు స్టీలు గ్లాసుల్లో 50 మిల్లీలీటర్ల చొప్పున ఆయిల్ పోసి, వేరుశనక్కాయలు వేయించినట్టు ఇసుక బాణలిలో పెట్టి ఇండక్షన్ స్టవ్ మీద వేడి చేశాం. మంట మీద చెయ్యకండి, ఇంట్లో అసలే చెయ్యకండి. ఇది ల్యాబ్ పరీక్ష కాదు, మార్కులు వెయ్యను. మూడు గంటల తర్వాత ఇదీ వరస. మొదటి డబ్బాలోది లేత నారింజ రంగు, కొత్త పైసా లాగే ఉంది. రెండోది జీఎల్-5, నెమలికంఠం రంగు వచ్చింది. దాన్ని క్రౌన్‌లో పోస్తాం, అక్కడ ఇత్తడి రింగులు లేవు, బాధ లేదు. ఇక మూడోది, రెండింటికీ పనికొస్తానన్న మహానుభావుడు. ఏమాత్రం తేడా లేదు, అదే నెమలికంఠం. అంటే లోపల ఉన్నది జీఎల్-5, లేబుల్ మీద ఎక్కింది జీఎల్-4.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఈ కాలం జీఎల్-5ల్లో గంధకం అంత దూకుడుది వాడటం లేదు, రాగిని కాపాడే మందు కూడా కలుపుతున్నారు. కాబట్టి నెల తిరక్కుండా రింగులు కరిగిపోతాయని భయపెట్టను. నా అభ్యంతరం పట్టు గురించే. ఆ పట్టు సంగతి లేబుల్‌లో ఏ మూలా రాయరు. రెండు పనులూ ఒకే ఆయిల్ నిజంగా చెయ్యాల్సిన బండ్లు కూడా ఉన్నాయి. పోర్షే 911, బాక్స్‌స్టర్‌లలో మాన్యువల్ గేర్ బాక్స్ బండి తీసుకోండి, క్రౌన్ గేర్ బాక్స్ కేసులోనే ఉంటుంది, ఒకటే ఆయిల్. దానికి కారు కంపెనీ పరీక్షించి ఒప్పుకున్న ఆయిల్ నంబరు ఉంటుంది. ఆ నంబరు డబ్బా మీద ఉంటే కళ్లు మూసుకుని కొనండి. నంబరు లేకుండా గీత మాత్రమే ఉంటే, చేపల పులుసుకీ పాయసానికీ ఒకటే గరిటె అన్నట్టు. ముందు చక్రాలు లాగే హాట్ హ్యాచ్‌ల (వేగంగా పోయే చిన్న కార్ల) వాళ్లకి ఈ బాధ లేదు. ఇంజన్ అడ్డంగా ఉంటుంది కాబట్టి క్రౌన్‌లో మామూలు ఏటవాలు పళ్లే, హైపాయిడ్ కాదు. కంపెనీ చెప్పిన గేర్ బాక్స్ ఆయిల్ చాలు.

ఇక 75డబ్ల్యూ. ఇది మైనస్ 40 డిగ్రీల దగ్గర పెట్టే పరీక్ష. మన దగ్గర సంక్రాంతి చలికి కూడా స్వెటర్ తియ్యం, రోహిణీ కార్తెలో కావలి రోడ్డు మీద తారు కరుగుతుంది. ఆ అంకె మనకి నేరుగా పనికిరాదు. మరి 80డబ్ల్యూ-90 మినరల్ ఆయిల్ చౌకగా వస్తుంటే 75డబ్ల్యూ సింథటిక్ ఎందుకు? వేడి వైపు కోసం. హైవే మీద గంటసేపు ఒకే ఊపులో పోయి, అట్నుంచి అటే మద్రాసు ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి పోయి ల్యాపులు కొట్టే బండికి క్రౌన్ ఆయిల్ వంద డిగ్రీలు దాటుతుంది. మంచి సింథటిక్ అక్కడ పల్చబడకుండా నిలుస్తుంది, నల్లగా మాడదు. ట్రాక్ మొహం చూడని బండికి, కారు కంపెనీ పుస్తకం ఒప్పుకుంటే, క్రౌన్‌లో 80డబ్ల్యూ-90 జీఎల్-5 మినరల్ పోసినా తప్పు లేదు. గేర్ బాక్స్‌లో మాత్రం సింథటిక్‌కి పెట్టే డబ్బు కర్ర పట్టుకున్న చేతికే తెలుస్తుంది.

రెండో డబ్బా మీద ఎల్ఎస్ అంటే లిమిటెడ్ స్లిప్. ఒక చక్రం ఊరికే తిరిగిపోకుండా ఆపే డిఫరెన్షియల్‌ని ఎల్ఎస్‌డీ అంటారు. మీ క్రౌన్‌లో ఏ రకం ఎల్ఎస్‌డీ ఉందో చూసుకోకుండా కొనొద్దు. క్లచ్ పలకల రకానికి ఫ్రిక్షన్ మాడిఫయర్, అంటే పలకల రాపిడిని సరిచేసే మందు, కావాలి, లేకపోతే సందులో బండి తిప్పేటప్పుడు వెనక టకటకా కొట్టుకుంటుంది. దానికి విడిగా దాదాపు 120 మిల్లీలీటర్ల సీసాలు దొరుకుతాయి. ముందు సగం పోసి, ఖాళీ స్థలంలో ఎనిమిది అంకె వేస్తూ పది చుట్లు తిరిగి, ఇంకా కొట్టుకుంటేనే మిగతాది పోయండి. ఎక్కువైతే పలకలు జారి ఎల్ఎస్‌డీ ఉన్నా లేనట్టే. పళ్ల చక్రాలతోనే పట్టు ఇచ్చే టార్సెన్ రకానికి మాడిఫయర్ అక్కర్లేదు. చిక్కటి ద్రవంతో పనిచేసే విస్కస్ రకం సీలు వేసిన డబ్బా, మన ఆయిల్ దాని లోపలికే పోదు. రెడ్ లైన్ అనే ఆయిల్ కంపెనీ వాళ్లు ఈ తేడా శుభ్రంగా రాస్తారు: 75డబ్ల్యూ-90 అంటే మాడిఫయర్ కలిపినది, చివర ఎన్ఎస్ ఉంటే కలపనిది. అందరూ అట్టా రాస్తే నేనింత అరవను.

లెక్కకి నిస్సాన్ 370జెడ్ మాన్యువల్ తీసుకుందాం, మన దేశంలో అమ్మిన బండే. గేర్ బాక్స్‌కి జీఎల్-4 సుమారు 2.9 లీటర్లు, క్రౌన్‌కి జీఎల్-5 సుమారు 1.4. అంటే లీటరు డబ్బాలు అవి మూడు, ఇవి రెండు. చాలామంది రెండింటికీ కలిపి ఐదు లీటర్ల క్యాన్ ఒకటే తెచ్చేది ఇందుకే, లెక్క భలే కుదురుతుంది మరి, పని మాత్రం తప్పు. ఇంకోటి, కంపెనీ గేర్ బాక్స్‌కి అడిగేది 75డబ్ల్యూ-85. ఈ మొదటి డబ్బా 90, ఒక మెట్టు చిక్కన. మన ఎండలకి నడుస్తుంది, పొద్దున మొదటి నాలుగు షిఫ్టులు బరువుగా ఉంటాయి. 85 దొరికితే అదే పోయండి.

మార్చేటప్పుడు బండిని పదిహేను ఇరవై కిలోమీటర్లు తిప్పి, నాలుగు స్టాండ్ల మీద సమానంగా నిలబెట్టండి. ఒకవైపు జాకీ ఎత్తి పోస్తే లెవెల్ అబద్ధం చెప్తుంది. ముందు పైనున్న ఫిల్లర్ ప్లగ్ విప్పండి, అది వచ్చాకే కింద డ్రెయిన్ ముట్టుకోండి. కింద ఖాళీ చేశాక పైది బిగుసుకుపోయి రాలేదనుకోండి, బండి అక్కడే. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి కాటుక లాంటి బూడిదరంగు ముద్ద ఉంటే మామూలే. గోరంత ముక్క దొరికితే క్రౌన్ విప్పాల్సిందే. గేర్ బాక్స్ ఆయిల్‌ని ఎండలో పెట్టి చూడండి, బంగారు రజను మెరుస్తుంటే అది సింక్రో రింగ్ అరుగు. అయస్కాంతానికి ఇత్తడి అంటదు, అందుకే ఆయిల్‌లోనే చూడాలి. వాషర్లు కొత్తవి వెయ్యండి, కేసు అల్యూమినియం కాబట్టి టార్క్ రెంచ్ వాడండి. చేతి పంపుతో ఫిల్లర్ అంచు నుంచి సన్నటి ధార కారేదాకా పోసి, అది ఆగాక ప్లగ్ వెయ్యండి. ఇంకొంచెం కుక్కితే నురగొచ్చి బ్రీదర్ (లోపలి గాలి పోయే రంధ్రం) గుండానో సీలు గుండానో కక్కుతుంది.

బ్రీదర్ అన్నా కాబట్టి ఒక మాట. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర హైవే తెగింది గుర్తుందిగా. నీళ్లలో దిగిన బండికి ఇంజన్ చూస్తారు, క్రౌన్ ఎవరూ చూడరు. కాలుతున్న క్రౌన్ చల్లటి నీళ్లలో మునిగితే లోపల గాలి కుంచించుకుపోయి బ్రీదర్ నుంచి నీళ్లు పీలుస్తుంది. ఆయిల్ పాలు పోసిన టీ రంగుకి వస్తే, ముందు చౌక జీఎల్-5 పోసి ముప్పై కిలోమీటర్లు తిప్పి, దించేసి, అప్పుడు మంచిది పోయండి.

కాబట్టి మొదటి డబ్బా గేర్ బాక్స్‌కి, నాకు నచ్చింది. రెండోది క్లచ్ పలకల ఎల్ఎస్‌డీ ఉన్న క్రౌన్‌కి. మూడోది, ఆ చౌక కడుగుడు ఆయిల్ అన్నానే, దానికి వాడతాను. 370జెడ్ లెక్కన క్రౌన్ నింపాక రెండు లీటర్ల జీఎల్-5లో 600 మిల్లీలీటర్లు మిగులుతుంది. మూత బిగించి, డబ్బా మీద మార్కర్‌తో పెద్దక్షరాల్లో క్రౌన్ అని రాయండి. రాయకపోతే షెడ్డులో కుర్రాడు నైంటీయే కదా అని గేర్ బాక్స్‌లో పోసేస్తాడు.