ధైర్యానికయ్యే ఖర్చు ఎవరు మోయాలి?

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. నల్లగొండ, దేవరకొండ దిక్కు నుంచి, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల దిక్కు నుంచి వచ్చిన సంఘపెద్దలకు, స్త్రీల సమాజం అక్కలకు, యౌవనస్థులకు ప్రత్యేకంగా వందనాలు.

ప్రకటన గ్రంథం 3వ అధ్యాయంలో నువ్వు చల్లగానూ లేవు, వెచ్చగానూ లేవు, నులివెచ్చగా ఉన్నావని లవొదికయ సంఘాన్ని ప్రభువు గద్దించిన మాట మనకు బాగా తెలుసు. ఆ ఊరి నీళ్ల సంగతి తెలిస్తే అది ఇంకా సూటిగా తగులుతుంది. పక్కనున్న హియెరాపొలిలో వేడినీటి బుగ్గలుండేవి, రోగులు స్నానానికి వెళ్లేవాళ్లు. కొలొస్సయి వైపు చల్లని నీళ్లు, తాగడానికి హాయి. లవొదికయకు మాత్రం నీళ్లు దూరం నుంచి గొట్టాల్లో రావాలి. లోపల సున్నం పేరుకుపోయిన ఆ గొట్టాలు తవ్వకాల్లో బయటపడ్డాయి. డబ్బుకు లోటులేని ఊరది. క్రీ.శ. 60 ప్రాంతంలో భూకంపం వస్తే రోము సాయం లేకుండానే మళ్లీ కట్టుకున్నారు. తనకేమీ కొదువ లేదనుకున్న సంఘం అలాంటి ఊళ్లో ఉంది.

నీళ్ల గురించి నల్లగొండ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు దిక్కు బోరు నీళ్లు కంటికి తేటగానే కనిపించేవి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు. ఏళ్లు గడిచాక పళ్ల గారలో, వంగిన ఎముకల్లో తెలుస్తుంది. మరగబెడితే పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. సుఖానికి అలవాటుపడిన భక్తి కూడా అంతే. దానికి ఇంకో మూడు రోజుల ఉజ్జీవ సభలు కలిపినా మరగబెట్టడమే అవుతుంది.

అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయం చూడండి. యూదుల పెద్దల మహాసభ పేతురును, యోహానును యేసు పేరున బోధించొద్దని బెదిరించి వదిలింది. సంఘం కూడి ప్రార్థించింది. బెదిరింపులు ఆగిపోవాలని అడగలేదు, 29వ వచనంలో ధైర్యం అడిగింది. 31లో వాళ్లున్న చోటు కంపించింది. మనం సాధారణంగా అక్కడే ఆమెన్ చెప్పి బైబిలు మూస్తాం. మూయకుండా 32 నుంచి 35 దాకా చదవండి. పొలాలు, ఇళ్లు ఉన్నవాళ్లు అమ్మి తెచ్చారు, వాళ్లలో ఎవరికీ కొదువ లేకపోయింది. నిలబడ్డవాడికి పని పోవచ్చు, కూలి పోవచ్చు. ఆ ఖర్చు వాడొక్కడి నెత్తిన పడకుండా సంఘం మోసింది. ధైర్యం కోసం ప్రార్థించేవాళ్లు ఆ బరువుకు కూడా సిద్ధపడాలని మేం గట్టిగా నమ్ముతున్నాం.

మైకు సౌండు పెంచడాన్ని, పక్కవాళ్ల దేవుళ్లను దూషించడాన్ని ధైర్యమనుకునేవాళ్లు మనలో ఉన్నారు. ఎఫెసులో పౌలు బోధ మీద అంత అల్లరి జరిగినా, వీళ్లు మన దేవతను దూషించలేదని ఊరి కరణమే సాక్ష్యమిచ్చాడు, అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం 37వ వచనం. పౌలు కంటే ధైర్యవంతులమా మనం?

ధైర్యం కావాల్సింది లెక్కల దగ్గర. పాలమూరు నుంచి వలసపోయే కూలీల గుంపుల్లో విశ్వాసులైన మేస్త్రీలున్నారు. కూలి పొద్దుగూకక ముందే ఇమ్మని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం చెబుతోంది. బిగబట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు 5:4 చెబుతోంది. కాబట్టి మేస్త్రీ అన్నకు ఒక నోటుబుక్కు కావాలి. మనిషికో పేజీ. తారీఖు, హాజరు, ఇచ్చిన అడ్వాన్సు, తిండి ఖర్చుకిచ్చిన పైసలు, ఇంకా రావాల్సింది రాయాలి. వారానికోసారి చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ఆలుమగలు జంటగా పనికి వస్తే ఆమెకు వేరే పేజీ ఉండాలి. ఎక్కువగా తేడా వచ్చేది ఇక్కడే, ఆమె కూలి మొగుడి అడ్వాన్సు కింద జమైపోతుంది. అడ్వాన్సు తీరేదాకా ఊరికి పోనివ్వనంటే అది వెట్టిచాకిరీ, 1976 చట్టం ప్రకారం నేరం. అలాంటి మేస్త్రీ కృతజ్ఞతార్పణ తెస్తే పెద్దలు ముందు ఆ నోటుబుక్కు అడగాలి.

అన్యాయంగా తీసుకున్నది తిరిగి ఇవ్వడానికి సంఖ్యాకాండము 5:7లో లెక్క ఉంది. అసలు, దాని మీద అయిదో వంతు. 10,000 ఎగ్గొట్టినవాడు 12,000 ఇవ్వాలి. సుంకం వసూలుచేసే జక్కయ్య నాలుగింతలకు ఒప్పుకున్నాడు. చాలామంది ఆ డబ్బును కానుకల పెట్టెలో వేసి ఊపిరి పీల్చుకుంటారు. అది తప్పు. ఎవరిదో వాళ్ల చేతికే ఇవ్వాలి, చనిపోతే వారసులకు ఇవ్వాలి. ఒక పెద్దమనిషిని వెంట తీసుకెళ్లండి. అవతలివాళ్ల పరువు పోయే సంగతి సాక్ష్యం పేరుతో సభలో చెప్పకండి.

సంఘంలోని బీదవాడికి నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష ఇచ్చి ఏడాదికి 36,000 గుంజే విశ్వాసి, బీదవాడి దగ్గర వడ్డీ తీసుకోవద్దన్న నిర్గమకాండము 22:25 చదవాలి. పెళ్లి ప్రకటన మొదటి ఆదివారం చదవకముందే కాపరి రెండు కుటుంబాలనూ కట్నం గురించి అడగాలి.

ప్రభువు బల్ల దగ్గర ఒక రొట్టె, బయట మాల సంఘం, మాదిగ సంఘం. అంతియొకయలో పేతురు యూదులు కాని అన్యజనులతో తినడం మానేస్తే పౌలు అందరి ముందు ఎదిరించాడు. మనలో ఆ ఎదిరింపు ఎన్నాళ్ల నుంచి ఆగిపోయిందో ఆలోచించండి.

ఇక అందరూ తప్పించుకు తిరిగే మాట, కుల సర్టిఫికెట్టు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తాడు. సీటు, ఫీజు, ఉద్యోగం ఆ కాగితానికి ముడిపడి ఉన్నాయి. బాప్తిస్మం వాయిదా వేస్తున్న పిల్లవాణ్ని పిరికివాడని తిట్టడం తేలిక. సత్యంగా బతకమని అడగాల్సిందే. అడిగే నోటితోనే అతని ఫీజులో సంఘం ఎంత భరిస్తుందో చెప్పాలి. 1899 నుంచి ఇక్కడికి వచ్చిన అమెరికా మెన్నొనైట్ బ్రదరన్ మిషనరీలు, వాళ్లకు ముందు వచ్చిన బాప్టిస్టులు బడులు, హాస్టళ్లు, ఆసుపత్రులు పెట్టారు. ఆ ఖర్చు సముద్రం అవతలి సంఘాలు మోశాయి. ఇప్పుడు మోయాల్సింది మనం.

అందుకు నెల కానుకల్లో పదో వంతు వేరే బ్యాంకు ఖాతాలో వేయండి. ముగ్గురి పేరు మీద ఉండాలి, ఒకరు స్త్రీ, ఇద్దరి సంతకం లేకుండా పైసా కదలకూడదు. కాపరి ఒక్కడి చేతిలో ఉంటే చుట్టాలకు పోయిందన్న అనుమానం వస్తుంది, ఖాతా మూతపడుతుంది. అప్పుగా కాకుండా సాయంగా ఇవ్వండి. లెక్క మూడు నెలలకోసారి ఆరాధన తర్వాత చదవండి.

ఈ రాత్రి పాట ఊపులో చేతులెత్తి తీర్మానాలు చేయొద్దు. ఇంటికి వెళ్లి, తెల్లారాక ఒక్క పని, ఒక్క పేరు, ఒక తారీఖు కాగితం మీద రాయండి. సంఘంలో ఇద్దరికి చూపించండి. ఆ ఇద్దరు నెల తిరక్కముందే మీ ఇంటికి వచ్చి అడగాలి. పని చేశాను, దానివల్ల కూలి పోయింది అని మీరంటే, ఆ వారమే పెద్దలు ఖాతా తీసి కూర్చోవాలి.